నీటిగుంట కెమెరా, 3వ పాఠం: తెర అంచుకు అవతల ఎవరున్నారు?

కిందటి పాఠంలో ఇచ్చిన పని గుర్తుందా? నమీబియాలోని నమీబ్ ఎడారి నీటిగుంట ప్రత్యక్ష ప్రసారం తెరిచి, తెర మీద తూర్పు ఎటువైపు ఉందో కనుక్కోమన్నాను. తెల్లవారుజామున చూసినవారికి ఇది తేలిక. ఆకాశం ఏ మూల ముందుగా వెలుతురు పోసుకుంటే అదే తూర్పు. మధ్యాహ్నం చూసినవారిలో చాలామంది తప్పటడుగు వేసే అవకాశం ఉంది. ఆ గుంట దక్షిణార్ధగోళంలో ఉంది. ఏడాదిలో ఎక్కువ భాగం అక్కడ మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. ఉత్తరార్ధగోళపు అలవాటుతో లెక్క వేస్తే దిక్కులన్నీ తారుమారవుతాయి. మకరరేఖకు దగ్గరి ప్రదేశం కాబట్టి డిసెంబరులో అసలు మధ్యాహ్నపు నీడే సరిగా కనిపించదు, అది జంతువు పొట్ట కిందే ఉండిపోతుంది. ఆ నెలలో పొద్దుటి నీడనో సాయంత్రపు నీడనో నమ్ముకోండి.

దిక్కులు ఎందుకు నేర్పానో ఈ పాఠంలో తెలుస్తుంది. కెమెరా మనకు చూపించేది ఆ ప్రదేశంలో ఒక చిన్న చీలిక. కుడివైపు గుట్ట వెనక ఏముందో, మన కెమెరా వెనక ఏముందో మనకు తెలియదు. అయితే ఆ చీలికలో నిలబడి నీళ్లు తాగుతున్న జంతువుకు తెలుసు. దానికి చుట్టూ కనిపిస్తుంది, వినిపిస్తుంది, గాలి మోసుకొచ్చే వాసన తెలుస్తుంది. తెరలో ఉన్నదాన్ని చూసి తెర బయట ఉన్నదాన్ని చెప్పగలగడమే ఈ పాఠం. నా దృష్టిలో నీటిగుంట చూడటంలో ఇంతకు మించిన విద్య లేదు. జాతుల పేర్లు ఎవరైనా నేర్చుకోగలరు.

చెవులతో మొదలుపెడదాం

గిట్టల జంతువుల చెవులు రెండూ దేనికది విడిగా తిరుగుతాయి. ఒరిక్స్ అనే పొడవాటి కొమ్ముల జింక తల వంచి తాగుతున్నప్పుడు చూడండి. ఒక చెవి వెనక్కి, ఒకటి పక్కకి తిరుగుతూనే ఉంటాయి. అది మామూలు కాపలా, దాన్ని పట్టించుకోవద్దు. రెండు చెవులూ ఒకే వైపుకు తిరిగి, తల పైకి లేచి, మూతి నుంచి నీళ్లు కారుతున్నా అది కదలకుండా నిలబడిందంటే అప్పుడు గడియారం చూసి రాసుకోండి. ఒక్క జంతువు తలెత్తితే అది ఒక అనుమానం. నాలుగైదు ఒకే దిక్కుకు తలెత్తితే అక్కడ ఏదో ఉన్నట్టే.

ఆ తర్వాత అవి చేసే పనిలో అసలు కబురు ఉంటుంది. చూసి, మళ్లీ తల దించి తాగితే వస్తున్నది సొంత జాతిదో, భయపడనక్కర్లేనిదో అయి ఉంటుంది. పెద్దగా చూడకుండా, పరుగు లేకుండా నెమ్మదిగా గట్టు వదిలి పక్కకు జరిగితే తమకంటే బలమైనది వస్తోంది, దారి ఇస్తున్నాయి. నిలబడి కన్నార్పకుండా చూస్తూ, మధ్యమధ్య రెండడుగులు ముందుకు కూడా వేస్తే మాత్రం జాగ్రత్తగా గమనించండి. కొత్తగా చూసేవారికి ఇది వింతగా ఉంటుంది. సింహం కనిపిస్తే పారిపోవాలి కదా, చూస్తూ నిలబడటమేమిటి? సింహం, చిరుతపులి దగ్గరదాకా పొంచి వచ్చి హఠాత్తుగా మీద పడే రకాలు. ఒకసారి కంటపడ్డాక వాటి వేట చాలావరకు చెడిపోయినట్టే. కాబట్టి దాన్ని చూపు దాటి పోనివ్వకుండా ఉండటమే క్షేమం. కనబడని సింహమే ప్రమాదం.

దుమ్ములగొండి సంగతి వేరు. మచ్చల దుమ్ములగొండి పొంచి కూర్చోదు, తరిమి తరిమి అలసగొడుతుంది. అయినా అది మామూలు నడకతో గుంట దగ్గరికి వస్తే జింకలు కాస్త ఎడమిచ్చి ఊరుకుంటాయి. వాటి లెక్కంతా ఆ నడక మీదే. నడక మారి, తల దించి, ఒక జంతువు మీదే గురి పెట్టిందనిపించిన క్షణం మంద కదులుతుంది. మీరు కూడా ఆ నడకనే చూడండి.

అకస్మాత్తుగా అన్నీ చెల్లాచెదురై పరుగెత్తితే అందరూ ఉలిక్కిపడి తెరకు దగ్గరగా జరుగుతారు. తీరా చూస్తే చాలాసార్లు అది సుడిగాలో, గుంపుగా లేచిన పిట్టల రెక్కల చప్పుడో అవుతుంది. కాసేపట్లో అన్నీ తిరిగి వచ్చేస్తాయి. తిరిగి రాకపోతే ఆలోచించాలి.

రెండు చూపులు కలిసే చోటు

గిట్టల జంతువుల కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి మామూలుగా అవి ఎటు చూస్తున్నాయో చెప్పడం కష్టం. అనుమానం తగిలినప్పుడు మాత్రం ముఖాన్ని నేరుగా ఆ వైపు తిప్పుతాయి, రెండు కళ్లూ రెండు చెవులూ దాని మీద పెడతాయి. అప్పుడు మూతి చూపించే దిక్కే చూపు దిక్కు. గుంటకు ఎడమ గట్టున ఒక జీబ్రా, కుడి గట్టున ఒక జీబ్రా అలా నిలబడ్డాయనుకోండి. ఒక్కొక్క మూతి నుంచి తెర మీద గీత గీసినట్టు ఊహించుకోండి. రెండు గీతలు కలిసే చోట వెతకండి. ఒక్కోసారి ఆ చోటు తెర లోపలే ఉంటుంది! ఎప్పటి నుంచో మన కళ్లెదుటే ఎండుగడ్డిలో పడుకున్న సింహాన్ని జీబ్రా చూపించాక గాని మనం గుర్తుపట్టం.

ఒక చిక్కు ఉంది. కెమెరాలో లోతు తెలియదు. దూరంగా ఉన్న జంతువు మన వైపు తిరిగిందా, కాస్త పక్కకు తిరిగిందా అన్నది తేల్చడానికి నేల మీద దాని నీడ సాయం చేస్తుంది. శరీరం ఎటు తిరిగితే నీడ ఆకారం అలా మారుతుంది. నీడ ఏ దిక్కుకు పడుతుందో కిందటి పాఠంలో తెలుసుకున్నారు కాబట్టి ఇక్కడ దాన్ని వాడుకోవచ్చు.

జిరాఫీ ఉంటే మీ అదృష్టం. నాలుగైదు మీటర్ల ఎత్తు నుంచి చూసే కాపలాదారు అది. నీళ్లు తాగాలంటే ముందు కాళ్లు ఎడంగా చాపి మెడ కిందికి దించాలి, ఆ భంగిమ నుంచి లేచి పరుగెత్తడానికి సమయం పడుతుంది. అందుకే గట్టు దాకా వచ్చి కూడా నిమిషాల తరబడి చుట్టూ చూస్తూ నిలబడుతుంది. చూసేవారు ఇక్కడే ఓపిక నశించి వేరే ప్రసారానికి వెళ్లిపోతారు. వెళ్లవద్దు. చివరికి అది వంగిందంటే, దానికి తెలిసినంతలో చుట్టుపక్కల ప్రమాదం లేదని లెక్క. ‘దానికి తెలిసినంతలో’ అన్న మాట మరిచిపోకండి, నీటి దగ్గర సింహాలకు చిక్కిన జిరాఫీలు ఉన్నాయి.

గాలి

నీటి మీద అలలు ఎటు పరుగెడుతున్నాయో, తోక వెంట్రుకలు ఎటు ఎగురుతున్నాయో, గిట్టల కింద లేచిన దుమ్ము ఎటు పోతోందో చూసి గాలి దిక్కు రాసుకోండి. గాలి ఎడమ నుంచి కుడికి వీస్తుంటే ఎడమవైపు ఉన్న ప్రతిదాని వాసనా గుంట దగ్గర ఉన్నవాటికి అందుతుంది. కుడివైపు నుంచి వచ్చేదాని వాసన అందదు. అటువైపు వాటికి కళ్లూ చెవులే దిక్కు. అందుకని ఎడమ నుంచి వచ్చే కబురు ముందుగానూ, కుడి నుంచి వచ్చేది ఆలస్యంగానూ తెలుస్తుంది. ఏనుగు తొండం పైకెత్తి కొసను ఒక వైపుకు వంచితే అది గాలిని చదువుతోంది.

ఏనుగుల్లో మరో సంగతి. దక్షిణాఫ్రికాలోని టెంబే ఏనుగుల పార్కు వంటి చోట్ల ప్రసారం చూస్తున్నప్పుడు, తాగుతున్న కుటుంబం మొత్తం ఒక్కసారిగా చెవులు విప్పి బొమ్మల్లా ఆగిపోవడం గమనిస్తారు. మీ హెడ్‌ఫోనులో ఏ చప్పుడూ ఉండదు. ఏనుగుల గర్జనలో కొంత భాగం 20 హెర్ట్జ్ కంటే తక్కువ పౌనఃపున్యంలో ఉంటుంది. మనిషి చెవికి అది అందదు, మామూలు స్పీకర్లు దాన్ని పలికించనూ లేవు. ఆ ధ్వని కిలోమీటర్ల దూరం పోతుంది. అవి ఎవరి మాటో వింటున్నాయన్నమాట. ఆ క్షణం నుంచి గడియారం పెట్టుకుని చూడండి, కొన్నిసార్లు మరో గుంపు తెరలోకి నడిచి వస్తుంది. ఏనుగులు వచ్చాక మిగతావాటి వరస గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. తొండానికి ఒక్కసారి 8 నుంచి 10 లీటర్ల నీళ్లు పట్టే జంతువు ముందు అందరూ ఆగాల్సిందే.

పిట్టలను చిన్నచూపు చూడకండి. నమీబ్‌లో పొద్దున ఎండెక్కే వేళ శాండ్‌గ్రౌస్ గుంపులు దిగుతాయి. నీటికి కాస్త ఎడంగా వాలి, నడిచి వచ్చి, క్షణాల్లో తాగి లేచిపోతాయి. మగ పక్షులు మాత్రం నీళ్లలో నిలబడి పొట్ట ఈకలను తడుపుకుంటాయి. ఆ ఈకల్లో 20 మిల్లీలీటర్లకు పైగా నీళ్లు పట్టుకుని, పదుల కిలోమీటర్ల దూరంలోని పిల్లలకు మోసుకెళ్లగలవు. అంతసేపు నీళ్లలో నిలబడటం వాటికి ప్రాణాపాయం, అక్కడ నక్కా కాచుకుని ఉంటుంది, డేగా కాచుకుని ఉంటుంది. గుంపు ఒక్కసారిగా లేచినప్పుడు ఏది వచ్చిందో చెప్పడానికి నేను వాడే కొలత ఇది: పిట్టలు లేచినా ఒరిక్స్ తలెత్తకపోతే ఆకాశం వైపు చూడండి, ఒరిక్స్ కూడా తలెత్తితే నేల మీద వెతకండి. ప్రతిసారీ నిజం కాదు గాని పనికొస్తుంది.

ఎవరూ రాకపోతే?

నీటిగుంట ఖాళీగా ఉంటే దగ్గర్లో పులో సింహమో ఉందని ఊహించేవారు ఎక్కువ. ముందు వానల సంగతి చూడండి. ఆఫ్రికా దక్షిణ ప్రాంతంలో చాలాచోట్ల మే నుంచి అక్టోబరు దాకా వానలు లేని పొడి కాలం, గుంటల దగ్గర జాతర. వానలు పడ్డాక ప్రతి పల్లంలోనూ నీళ్లు నిలుస్తాయి, పచ్చగడ్డిలోనూ తేమ ఉంటుంది, ఎవరికీ ఈ గుంట అవసరం ఉండదు. ఇక పులి సంగతి అంటారా, ఆఫ్రికా అడవుల్లో అది లేదు. ఆ అనుమానం ఒకటి తీసేసుకోవచ్చు.

ఇంకొక మాట. మనం చూసే గుంటల్లో చాలావరకు బోరు నీళ్లతో నిండేవి. నీళ్లు ఎక్కడ పెడితే అక్కడ అడవి లెక్క మారిపోతుంది. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ ఉద్యానంలో కరువు కాలం కోసం వందల బోర్లు వేశారు. ఉత్తర భాగంలో నీళ్లు ఎప్పుడూ దొరకడంతో జీబ్రాలు, విల్డ్‌బీస్ట్‌లు అక్కడ చేరాయి, వాటి వెంట సింహాలు వచ్చాయి, అంతకుముందే అరుదైన రోన్ జింకలు బాగా తగ్గిపోయాయి. ఆ తర్వాత అనేక బోర్లు మూసేశారు. కాబట్టి ఒక గుంట దగ్గర సందడి చూసి అడవంతా అలాగే ఉందనుకోకండి.

వెనక్కి తిప్పి చూడటం

అడవిలో స్వయంగా కూర్చున్నవారికి లేని సౌకర్యం మనకు ఒకటి ఉంది. చాలా ప్రసారాలను కొంత సమయం వెనక్కి తిప్పవచ్చు. దీన్ని అందరూ సింహాన్ని మళ్లీ చూడటానికి వాడతారు. మీరు అలా వాడకండి. ఏదైనా జంతువు తెరలోకి అడుగుపెట్టగానే పది నిమిషాలు వెనక్కి వెళ్లండి. అది వచ్చే చోటును వదిలేసి, అప్పటికే ఉన్నవాటి చెవులను చూడండి. ఎవరికి ముందు తెలిసింది? ఎన్ని నిమిషాల ముందు? గాలి ఎటు ఉంది? తెలిసినదానికి మిగతావి ఎప్పుడు తోడయ్యాయి? ఇలా చూస్తూ పోతే ఏ జాతి ముందుగా పసిగడుతుందో, ఏది పక్కవాటిని చూసి మాత్రమే తలెత్తుతుందో మీ గుంటకు సంబంధించినంతవరకు మీకే తెలిసిపోతుంది. ఐదు కిటికీలు ఒకేసారి తెరిచి పెట్టుకుని సందడి ఉన్నచోటికల్లా ఎగిరేవారికి ఇది ఎప్పటికీ పట్టుబడదు.

సమయాలన్నీ అక్కడి గడియారం ప్రకారమే రాయండి. నమీబియా, దక్షిణాఫ్రికా రెండూ అంతర్జాతీయ ప్రామాణిక కాలం కంటే 2 గంటలు ముందుంటాయి, కెన్యా 3 గంటలు. ప్రసారం మన దాకా రావడానికి కొన్ని క్షణాలు ఆలస్యమవుతుంది కాబట్టి తెర మీద గడియారం ఉంటే మీ ఫోను కంటే దాన్నే నమ్మండి. ఖడ్గమృగం కనిపిస్తే మీ పుస్తకంలో రాసుకోండి గాని గుంట పేరు, సమయం ఎక్కడా బయటపెట్టకండి. కొమ్ముల కోసం వేటాడేవారూ ఇవే తెరలు చూడగలరు.

ఈ వారం పని

నమీబ్ ప్రసారంలో అక్కడి సూర్యాస్తమయానికి ముందు గంట ఎంచుకోండి. కూర్చోగానే తూర్పు, గాలి, తెరలో ఉన్న జంతువులు రాసుకోండి. తర్వాత రెండు కంటే ఎక్కువ తలలు ఒకే వైపు లేచిన ప్రతిసారీ, ఏదీ కనిపించకముందే ఒక వాక్యం రాయండి: ఏ వైపు నుంచి, పెద్దదా చిన్నదా, భయపడాల్సినదా కాదా. ఆ తర్వాత ఏం వచ్చిందో పక్కన రాయండి. ఏమీ రాకపోతే ‘రాలేదు’ అని రాయండి, ఆ గడి ఖాళీగా వదలవద్దు. తప్పిన ఊహలను కొట్టేయకండి, వచ్చే పాఠంలో వాటితోనే పని ఉంది.

ఒక రోజు మాత్రం చీకటి పడేదాకా కొనసాగండి. తెర మీద రంగులు పోయి చిత్రం నలుపు తెలుపులోకి మారే నిమిషాన్ని రాసుకోండి. అప్పటికి మొదలయ్యే బల్లుల టిక్ టిక్ మైకులో వినిపిస్తే అదీ రాయండి. 4వ పాఠం రాత్రి గురించి. కెమెరా దీపానికి ఏ కళ్లు మెరుస్తాయో, ఏవి మెరవవో, అద్దం మీద పాకే సాలెపురుగును ఏనుగని ఎలా పొరబడకూడదో అందులో చూద్దాం.