అరవై దాటాక కారు మారుస్తున్నారా?
మైలేజీ అడిగే ముందు సీటు ఎత్తు చూడండి. తలుపు తీసి, ముందు సీట్లో కూర్చుని, ఆ తర్వాత కాళ్లు లోపలికి తిప్పండి. దిగేటప్పుడు తలుపు పట్టుకోకుండా లేవగలిగితే ఆ ఎత్తు మీకు సరిపోయినట్టే. వ్యాగన్ఆర్ లాంటివి పెద్దవాళ్లకు సుఖంగా ఉండేది అందుకే.

క్లచ్ తొక్కితే మోకాలు లాగుతుంటే ఆటోమేటిక్‌కు మారిపోండి, మొహమాటం వద్దు. ఏఎంటీ (మామూలు గేర్‌బాక్సులోనే క్లచ్, గేర్ల పని బండే చూసుకునే రకం ఆటోమేటిక్) అయితే మాత్రం అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మధ్యలో ఆపి, మళ్లీ ఎక్కించి చూడాల్సిందే. హిల్ హోల్డ్ (ఎత్తు మీద బ్రేకు వదిలినా బండిని కాసేపు ఆపి ఉంచే ఏర్పాటు) లేని బండి బ్రేకు వదలగానే వెనక్కి జారొచ్చు.

కొత్తలో క్లచ్ అలవాటు కొద్దీ ఎడమకాలు బ్రేకు మీదకు పోతుంది. ఆ కాలు వెనక్కి లాగిపెట్టుకుని, ఖాళీ మైదానంలో బాగా అలవాటయ్యాకే ట్రాఫిక్‌లోకి వెళ్లండి.

అన్నట్టు, 55 దాటాక లైసెన్సు రెన్యువల్ చేయిస్తే ఐదేళ్లకే ఇస్తారు, తేదీ చూసుకోండి.