సాగిపోయిన చారల ఎచివేరియాకు మళ్లీ పూవు ఆకారం

చారల ఎచివేరియా అంటే మందపాటి ఆకులు పూవు రేకుల్లా పేర్చుకుని, వాటిపై లేత రంగు చారలుండే మొక్క. వెలుతురు చాలకపోతే దాని కాండం సాగి, ఒత్తుగా ఉండవలసిన ఆకులు ఎడమెడమై అందం పోతుంది. శుభ్రమైన బ్లేడుతో తలను అంగుళం కాండం ఉండేలా కోసి, అడుగు ఆకులు నాలుగైదు తీసి, ఖాళీ గాజుగ్లాసు అంచుపై ఆకులు ఆనేలా నీడలో నిలపండి. రెండు మూడు వారాల్లో లేత గులాబీ రంగు వేళ్లు కనబడగానే, ఒక వంతు మట్టికి రెండు వంతుల ముతక ఇసుక కలిపిన కుండీలో నాటండి. మోడును ఉంచితే పిలకలు వస్తాయి. వాటిలో పూర్తి పచ్చనివాటిని వెంటనే గిల్లివేయాలి, లేకుంటే అవే బలంగా ఎదిగి చారలవాటిని అణచివేస్తాయి. రాలిన ఆకుల నుంచి మొలిచేవి చాలావరకు చారలు లేనివే కనుక వాటిపై ఆశ పెట్టుకోవద్దు. కోతలో గోధుమరంగు వలయం కనబడితే అది కుళ్లు, శుభ్రమైన కండ వచ్చేవరకు పైకి కోయాలి. వానాకాలంలో మాత్రం ఈ పని చేయకండి, తేమకు కోత ఎండదు.