ఉద్యోగం చేస్తూ మళ్ళీ ఎంఏ హిస్టరీకి అప్లై చేయాలనుకునే విజయవాడ, గుంటూరు వాళ్ళకి

డిగ్రీ అయిపోయి చాలా ఏళ్ళైంది, ఇప్పుడు యుద్ధకాలం చరిత్ర మీద రీసెర్చ్ చేద్దామని ఉంది అనేవాళ్ళు డైరెక్ట్‌గా పీహెచ్‌డీ వైపు చూడకండి, ముందు ఎంఏ కావాలి. నాగార్జున యూనివర్సిటీలో రెగ్యులర్ సీటు కావాలంటే ఏపీ పీజీసెట్‌లో (పీజీ సీట్లకి పెట్టే ఎంట్రన్స్ పరీక్ష) హ్యుమానిటీస్ అండ్ సోషల్ సైన్సెస్ పేపర్ రాయాలి. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. మీ డిగ్రీ గ్రూపుకి హిస్టరీ ఇస్తారో లేదో నోటిఫికేషన్‌లో చూస్కున్నాకే డబ్బు కట్టండి.

ఉన్నత విద్యామండలి సెట్స్ సైట్‌లో ముందు ఫీజు, ఆ తర్వాతే అప్లికేషన్ ఓపెన్ అవుద్ది, పేమెంట్ రిఫరెన్స్ నంబర్ రాసి పెట్టుకోండి. పేరు టెన్త్ మెమోలో ఎలా ఉంటే అలాగే కొట్టాలి, పెళ్ళయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మారిన ఆడవాళ్ళకి ఇక్కడే తలనొప్పి మొదలు.

అసలు పని ఫారం కాదు, పాత కాగితాలు. టీసీ, ప్రొవిజనల్, మార్కుల లిస్టులు బీరువాలోంచి ఇప్పుడే తీయండి, టీసీ పోయుంటే పోలీస్ కంప్లైంట్ ఇచ్చి కాలేజీలో డూప్లికేట్ తెచ్చుకునేసరికి కౌన్సెలింగ్ అయిపోద్ది. వేరే యూనివర్సిటీ డిగ్రీ అయితే అక్కడి మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా. గ్యాప్ సర్టిఫికెట్ అంటే కంగారేం లేదు, ఈ మధ్యలో ఎక్కడా రెగ్యులర్ కోర్సు చదవలేదని నోటరీ దగ్గర అఫిడవిట్, అంతే. కులం, ఇన్‌కమ్ సర్టిఫికెట్లు సచివాలయంలో.

ర్యాంకు వచ్చాక సీటు దానంతటదే రాదండోయ్, కౌన్సెలింగ్‌కి మళ్ళీ రిజిస్టర్ అయ్యి, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేసి, వెబ్ ఆప్షన్లు (ఏ కాలేజీ, ఏ కోర్సు కావాలో వరసగా) పెట్టాలి.

చేరాక టాపిక్‌కి దూరం పోనక్కర్లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులేశాయి, దాని గురించి ఇళ్ళల్లో చెప్పుకునేదానికీ ఫైళ్ళలో ఉన్నదానికీ తేడా చూసినా ఒక ప్రాజెక్ట్ అవుద్ది, నన్నడిగితే మంచి టాపిక్ అదే. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం ఉంది, రెండు ప్రపంచ యుద్ధాలకీ సైనికుల్ని పంపిన ఊరు. అప్పట్లో గుంటూరు, కృష్ణా కూడా మద్రాసు ప్రెసిడెన్సీయే కాబట్టి కాగితాలకి చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్ (పాత ప్రభుత్వ రికార్డులు దాచే చోటు) చూడాలి, నేషనల్ ఆర్కైవ్స్‌వి కొన్ని అభిలేఖ్ పటల్ సైట్‌లో ఇంట్లోంచే దొరుకుతాయి. ఆర్కైవ్స్‌కి వెళ్ళేముందు హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) సంతకంతో డిపార్ట్‌మెంట్ లెటర్, ఐడీ కార్డు పెట్టుకుని బయల్దేరండి.