స్కాట్లండ్ ఉత్తర తీరంలో పిల్లలతో క్యాంపర్‌వ్యాన్ ప్రయాణం: ముందు తెలుసుకోవలసినవి

స్కాట్లండ్ ఉత్తర తీరాన్ని చుట్టి వచ్చే ‘నార్త్ కోస్ట్ 500’ దారి ఇన్వర్‌నెస్‌లో మొదలై తిరిగి ఇన్వర్‌నెస్‌లోనే ముగుస్తుంది. 2015లో ఈ పేరుతో ప్రచారంలోకి వచ్చిన ఈ దారి పొడవు 516 మైళ్లు, అంటే దాదాపు 830 కిలోమీటర్లు. అంకె చూస్తే నాలుగు రోజుల పనిలా అనిపిస్తుంది గాని, పశ్చిమాన చాలా దూరం ఒక్క వాహనం పట్టేంత రోడ్డే ఉంటుంది. అందువల్ల పిల్లలున్న కుటుంబం పది రోజులు కేటాయించుకొని, రోజుకు మూడు గంటలకు మించి నడపనవసరం లేకుండా మజిలీలు నిర్ణయించుకోవడం మేలు.

లోపలే వండుకొని పడుకునే వీలున్న క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకునేటప్పుడు ఎంతమంది పడుకోవచ్చన్నది కాక, ఎంతమందికి సీటు బెల్టులున్నాయన్నది ముందు అడగాలి. ఈ రెండు సంఖ్యలూ ఎప్పుడూ ఒకటి కావు. బ్రిటన్ నిబంధనల ప్రకారం పన్నెండేళ్లు నిండేదాకా గాని, 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా గాని, ఏది ముందైతే అంతవరకు పిల్లలు చైల్డ్ సీటులోనే కూర్చోవాలి. పక్కకు తిరిగి ఉన్న సీట్లకు దానిని బిగించకూడదు.

ఇన్వర్‌నెస్ నుంచి తూర్పు తీరం వెంట ఉత్తరానికి బయలుదేరడమే మంచిదని నా అభిప్రాయం. అటువైపు రోడ్డు వెడల్పుగా ఉంటుంది గనుక, ఇరుకు దారి వచ్చేసరికి బండి కొలతలు చేతికి అలవాటవుతాయి. సముద్రం కుడివైపున ఉంటుంది కాబట్టి ఆ కిటికీ కోసం వంతులు వేసుకోక తప్పదు.

ఇరుకు రోడ్డుపై అక్కడక్కడ ‘పాసింగ్ ప్లేస్’ అని రాసిన వెడల్పు చోట్లు ఉంటాయి. ఎదురుగా వాహనం కనిపించినప్పుడు, ఆ చోటు మీ ఎడమవైపు ఉంటే అందులోకి తప్పుకోవాలి. కుడివైపు ఉంటే దానిలోకి దూరకుండా, దానికి ఎదురుగా రోడ్డు మీదే ఆగి ఎదుటివారిని అందులోకి రానివ్వాలి. వీలైనంతవరకు ఎత్తుకు ఎక్కి వచ్చే వాహనానికి దారి ఇవ్వాలి. వెనుక వాహనం చేరినప్పుడు కూడా తప్పుకొని ముందుకు పోనివ్వాలి, ఎందుకంటే మీకది విహారమైనా వెనుకనున్న స్థానికుడికి పనికి వెళ్లే దారి అయివుండవచ్చు. అక్కడ బండి నిలిపి ఫొటోలు తీసుకోవడం, భోజనం చేయడం ఎంతమాత్రం తగదు.

పశ్చిమ తీరంలోని ఆపిల్‌క్రాస్ గ్రామానికి పోయే ఘాట్ రోడ్డు సంగతి వేరు. ‘పశువుల కనుమ’ అని అర్థమిచ్చే బియాలహ్ నా బా అనే ఈ కనుమ దాదాపు సముద్ర మట్టం నుంచి 626 మీటర్ల ఎత్తుకు, బిగువైన హెయిర్‌పిన్ మలుపులతో ఎక్కుతుంది. కొత్తగా నడపడం నేర్చుకునేవారికి, చాలా పెద్ద వాహనాలకు ఇది తగదని మొదట్లోనే బోర్డు ఉంటుంది. పెద్ద క్యాంపర్‌వ్యాన్‌తో దీనికి సాహసించకుండా, షీల్డెగ్ అనే ఊరి మీదుగా తీరం వెంట పోయే రోడ్డులో ఆపిల్‌క్రాస్ చేరి, అదే దారిన తిరిగి రావాలి. దూరం పెరిగినా పిల్లలకు కడుపులో తిప్పడం కొంత తగ్గుతుంది.

రాత్రి బసకు, ముఖ్యంగా వేసవిలో, క్యాంప్‌సైట్లను ముందే బుక్ చేసుకోవాలి. స్కాట్లండ్‌లో 2003 నాటి భూ సంస్కరణల చట్టం కాలినడకన తిరిగేవారికి చాలావరకు బయలు భూముల్లో తిరిగే, చిన్న గుడారం వేసుకునే హక్కు ఇచ్చింది గాని, మోటారు వాహనాలకు ఇవ్వలేదు. వ్యాన్ మరుగుదొడ్డి కింద వ్యర్థం చేరే డబ్బాను, అంటే టాయిలెట్ క్యాసెట్టును, అందుకు కేటాయించిన చోటనే ఖాళీ చేయాలి. చలి వేసిందని గ్యాస్ పొయ్యిని హీటరుగా వాడితే మూసిన వ్యాన్‌లో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుంది. దాన్ని పసిగట్టే అలారం పనిచేస్తోందో లేదో మొదటి రోజే నొక్కి చూడాలి.

జూన్ నుంచి ఆగస్టు వరకు మిడ్జ్ అనే సన్నని కుట్టే పురుగులు గుంపులుగా వస్తాయి. గాలి కాస్త వీచినా అవి నిలవలేవు గనుక గాలి తగిలే చోట వ్యాన్ నిలపాలి. గాలి ఆగిన సాయంత్రం మాత్రం వంట ముందుగానే ముగించి, చాలా సన్నని కన్నులున్న తెర వేసుకొని లోపలే ఉండటం తప్ప మార్గం లేదు.