శంషాబాద్‌లో దిగే ముందు: మాఘమాసం ప్రయాణికులకు జాగ్రత్తలు

సంక్రాంతి వెళ్లి మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ వైపు ప్రతి వాడలో ఎవరో ఒకరు విమానం దిగుతారు. దుబాయ్ నుంచి పెళ్లికూతురి అన్న, డల్లాస్ నుంచి మేనత్త కూతురు, మనవలతో అత్తమామలు. మేడారం జాతర జరిగే ఏడాదైతే ఈ రద్దీకి అదీ తోడవుతుంది. 2008లో అంతర్జాతీయ విమానాలు బేగంపేట వదిలి శంషాబాద్‌కు మారినప్పటి నుంచి హనుమకొండ నుంచి బంధువుల కోసం ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. బయట కంచె దగ్గర నిలబడి ఎదురుచూసిన గంటల్లో నాకు అర్థమైంది ఒకటుంది. చిక్కులన్నీ సామాను బెల్టుకూ బయటి తలుపుకూ మధ్యనే వస్తాయి. వాటిలో సగం మొహమాటం వల్ల వస్తాయి.

మా బావమరిది సంగతే చెబుతాను. సెలవు మీద వస్తుంటే పక్క గదిలో ఉండే మన జిల్లా మనిషే ఒక చిన్న పొట్లం ఇచ్చాడు. 'మా చెల్లెలి పెళ్లికి గొలుసు, మా నాన్న వచ్చి తీసుకుంటాడు' అన్నాడు. కాదనలేక తెచ్చాడు. కస్టమ్స్ వాళ్లు అడిగితే బిల్లు లేదు, ఎంత బరువో తెలియదు, ఎవరిదో చెప్పినా అది జవాబు కాదు. తన భార్యకు తెచ్చుకున్న గాజులతో కలిపి లెక్కగట్టేసరికి పరిమితి దాటింది. మూడు గంటలు లోపలే కూర్చున్నాడు. అది నిజంగా గొలుసే కాబట్టి సుంకం కట్టి బయటపడ్డాడు. లోపల పేస్టు రూపంలో బంగారమో మత్తు పదార్థమో ఉండి ఉంటే సెలవు జైల్లో గడిచేది. టికెట్ డబ్బులు ఇస్తాను, ఈ సంచి మోసుకెళ్లు అని గల్ఫ్‌లో కూలీ పిల్లలను వాడుకునేవాళ్లు ఉన్నారు. పట్టుబడినప్పుడు సంచి ఎవరి చేతిలో ఉంటే వాడిదే నేరం. ఊరివాడైనా, వరుసకు మామ అయినా, మీ కళ్ల ముందు సర్దని పెట్టెను మీ పేరు మీద ఎక్కించకండి. 'బరువు నిండిపోయింది, మామా' అనే అబద్ధం ఆడవచ్చు, పాపం తగలదు.

ఇక బంగారం. ఏడాదికి పైగా విదేశంలో ఉండి తిరిగివచ్చే మగవారికి 20 గ్రాములు, ఆడవారికి 40 గ్రాముల ఆభరణాల దాకా సుంకం లేని వెసులుబాటు ఉంది. మన దుకాణాల లెక్కలో రెండు తులాలు, నాలుగు తులాలు. ఇక్కడ 'ఆభరణాలు' అన్న మాట ముఖ్యం. బిస్కెట్లకూ నాణేలకూ ఇది వర్తించదు. పెళ్లికి కరిగించి చేయించుకుందామని బిస్కెట్ తెచ్చేవారు ఇక్కడే దెబ్బతింటారు. 2026 దాకా అమల్లో ఉన్న 2016 నాటి నిబంధనల్లో ఈ బరువుతో పాటు విలువకూ హద్దు పెట్టారు. మగవారికి 50 వేల రూపాయలు, ఆడవారికి లక్ష. బంగారం ధర ఎక్కడికో వెళ్లిపోయాక ఆ హద్దుతో రెండు తులాల గొలుసు కూడా ఒడ్డెక్కేది కాదు. మిగతా సామానుకు కూడా ఆ నిబంధనల్లో 50 వేల హద్దే ఉండేది. ప్రభుత్వం ఇలాంటి అంకెలను సవరిస్తూ ఉంటుంది. కాబట్టి పోయినేడు వచ్చిన తోడల్లుడి మాట నమ్మకుండా, కొనడానికి ముందే కస్టమ్స్ శాఖ వెబ్‌సైటులో ఆ రోజున ఉన్న అంకె చూసుకోండి.

ఇక్కడి నుంచి పెట్టుకుని వెళ్లిన నగలకూ తిరిగి వచ్చేటప్పుడు ప్రశ్న ఎదురుకావచ్చు. కొడుకు దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మలు చంద్రహారం, గాజులు వేసుకునే బయలుదేరుతారు కదా. వెళ్లే రోజునే విమానాశ్రయంలో కస్టమ్స్ కౌంటరు దగ్గర ఆ నగలు చూపించి ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే తిరుగు ప్రయాణంలో వాదన ఉండదు. దానికి కాస్త ముందుగా చేరుకోవాలి, అంతే.

పరిమితి దాటిందని అనుమానం ఉంటే, చూపించాల్సింది ఏమీ లేనివారి కోసం ఉన్న ఆకుపచ్చ దారిలో నడవకండి. ఎరుపు దారిలోకి వెళ్లి చెప్పి సుంకం కట్టడం ఖర్చు మాత్రమే. ఆకుపచ్చ దారిలో దొరికితే దాచినట్లు లెక్క, వస్తువు జప్తు, పైగా జరిమానా. కస్టమ్స్ శాఖ వారి 'అతిథి' అనే యాప్‌లో ముందే వివరాలు నింపుకోవచ్చు. విదేశీ నోట్లు 5,000 డాలర్లు దాటినా, నోట్లూ ట్రావెలర్స్ చెక్కులూ అన్నీ కలిపి 10,000 డాలర్లు దాటినా రాసి ఇవ్వాల్సిందే. పెద్ద టీవీ అట్టపెట్టె ఇప్పటికీ మోసుకొచ్చేవారిని చూస్తే జాలేస్తుంది. 2013 ఆగస్టులోనే టీవీలను ఉచిత వెసులుబాటు నుంచి తీసేశారు. ఈ-సిగరెట్లనైతే 2019లో దేశమంతటా నిషేధించారు, ఒక్కటి కూడా తేవద్దు.

డ్యూటీ ఫ్రీ దుకాణం దగ్గర ఒక భ్రమ ఉంది, అక్కడ అన్నీ చవకే అని. చాక్లెట్ల ధర చూసి హనుమకొండ చౌరస్తాలోని దుకాణంతో పోల్చుకోండి, చాలాసార్లు మన చౌరస్తాయే నయం. అత్తర్లు గల్ఫ్ బజారులోనే బేరమాడి కొనుక్కోవచ్చు. నిజంగా తేడా కనిపించేది మద్యం దగ్గరే, దానికీ కారణం ఇక్కడి పన్నులు. మనిషికి 2 లీటర్లే సుంకం లేకుండా. బీరు, వైను కూడా అందులోనే లెక్క. లీటరు సీసాలు రెండైతే సరిగ్గా సరిపోతాయి. 750 మిల్లీలీటర్లవి 'మూడు కొంటే తగ్గింపు' అని అంటగడితే 2.25 లీటర్లవుతుంది, తగ్గింపు కాస్తా సుంకంలో పోతుంది. అక్కడ ఎక్కేటప్పుడు రెండు, ఇక్కడ దిగాక రెండు అంటే కుదరదు, రెండు చోట్లా కొన్నవీ కలిపే చూస్తారు. సిగరెట్లు 100 దాటకూడదు.

అమెరికా నుంచి దోహా మీదుగానో లండన్ మీదుగానో వచ్చేవారు సీసాలను శంషాబాద్‌లో దిగాక కొనడమే మేలు. మధ్యలో మళ్లీ భద్రతా తనిఖీ ఉంటుంది. దుకాణంవాడు బిల్లు లోపల పెట్టి మూసిన సీలు సంచి చెక్కుచెదరకుండా ఉంటేనే ఒప్పుకుంటారు. విమానంలో పక్కవాడికి చూపిద్దామని విప్పారో, చెత్తబుట్టకే సమర్పణ.

పెట్టె రాకపోతే, పగిలి వస్తే, ఆ హాలు దాటకముందే విమానసంస్థ కౌంటరులో రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నకలు తీసుకోండి. సామాను ట్యాగు పారేయకండి. ఇంటికెళ్లాక పగులు కనిపిస్తే ఏడు రోజుల్లోగా రాయాలి. అన్ని పెట్టెలూ నల్లవే, అందుకే మా అక్క తన పెట్టెకు పసుపు గుడ్డ కడుతుంది. నవ్వకండి, ఒక్కసారి కూడా మారలేదు.

వరంగల్ పక్కనే ఉన్న మామునూరు విమానాశ్రయానికి 2025లో అనుమతి వచ్చింది కానీ అక్కడ దిగే రోజు వచ్చేదాకా మనకు ఇంకో మూడు గంటల రోడ్డు తప్పదు. గల్ఫ్ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకో తెల్లవారుజామునో దిగుతాయి. మాఘంలో ఆ వేళకు భువనగిరి, జనగామ దారిలో పొగమంచు ఉంటుంది. బావలూ తమ్ముళ్లూ కారులో నిండుగా వస్తారు, వచ్చినవాడికి సీటు ఉండదు, పెట్టెలకు చోటు ఉండదు, పగలంతా పెళ్లిపనుల్లో తిరిగినవాడే బండి నడుపుతాడు. ఇద్దరు చాలు రావడానికి. కరీంనగర్, నిజామాబాద్ వైపు ఒంటరిగా వెళ్లేవారు ఆర్టీసీ పుష్పక్ బస్సులో నగరంలోకి వెళ్లి సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్ (జేబీఎస్)లో మారవచ్చు. కారే అనుకుంటే, విమానం ఎక్కే ముందు ఇంటికి చేసే చివరి ఫోనులో పెట్టెల సంఖ్య చెప్పి, బండి నడిపేవాడు సాయంత్రం పడుకున్నాడో లేదో అడగండి.