లోరికీట్లలో సిన్నమన్ రంగు సాధించడం ఎలా?

రెయిన్‌బో లోరికీట్ ఆస్ట్రేలియా తూర్పు తీరానికి చెందిన చిలుక. మామూలు పక్షి రెక్క విప్పితే పెద్ద ఈకల్లో నలుపు కనబడుతుంది. సిన్నమన్ పక్షిలో అదే చోట దాల్చినచెక్క రంగు ఉంటుంది. నల్ల వర్ణకం పూర్తిగా ముదరక గోధుమరంగు దగ్గరే ఆగిపోవడం దీనికి కారణం. ఒంటి మీది ఆకుపచ్చ కూడా అందువల్లే కాస్త పలచబడుతుంది.

ఈ జాతిలో ఆడ, మగ ఒకేలా ఉంటాయి కాబట్టి జత కట్టే ముందు రెండింటికీ డీఎన్‌ఏ పరీక్ష తప్పనిసరిగా చేయించాలి.

పక్షుల్లో మగదానికి రెండు జడ్ క్రోమోజోములు, ఆడదానికి ఒక జడ్, ఒక డబ్ల్యూ ఉంటాయి. సిన్నమన్ జన్యువు జడ్ మీద అణగి ఉండే గుణం కనుక, అది ఉన్న ఆడపక్షి ఆ రంగును బయటికి చూపి తీరుతుంది. మగది మాత్రం పైకి ఆకుపచ్చగా ఉంటూనే లోపల మోయగలదు. దానినే స్ప్లిట్ అంటారు. ఎవరైనా స్ప్లిట్ ఆడపక్షి అని అమ్మజూపితే కొనకండి, సిన్నమన్‌లో అది ఉండదు.

మొదటి జతకు సిన్నమన్ మగదానిని, దానితో రక్తసంబంధం లేని దిట్టమైన ఆకుపచ్చ ఆడదానిని ఎంచుకోవడమే మంచిదని నా అభిప్రాయం. కూతుళ్లన్నీ సిన్నమన్, కొడుకులన్నీ స్ప్లిట్ అవుతాయి. ఏది ఆడదో రంగే చెబుతుంది. మగది స్ప్లిట్ మాత్రమే అయితే కూతుళ్లలో సగానికే ఆ రంగు వచ్చే అవకాశం ఉంటుంది, కొడుకుల్లో ఏది స్ప్లిట్టో చూసి చెప్పలేము. సిన్నమన్ కొడుకులు కావాలంటే తల్లి సిన్నమన్, తండ్రి సిన్నమన్ లేదా స్ప్లిట్ కావాలి. ఆ తొందరలో అన్నాచెల్లెళ్లను జత కట్టడం పిల్లల ఆరోగ్యానికి చేటు; వేరొకరి వంశం నుంచి రెండో పక్షిని తెచ్చుకోవాలి.

సాధారణంగా రెండే గుడ్లు పెడతాయి, సుమారు మూడున్నర వారాలు పొదుగుతాయి, పిల్లలు దాదాపు ఎనిమిది వారాలు గూట్లో ఉంటాయి. తేనె ద్రవం తాగే పక్షులు కాబట్టి రెట్ట నీళ్లలా ఉంటుంది, గూడు పెట్టెలో పరిచిన చెక్కపొట్టు త్వరగా చెమ్మగిల్లుతుంది. చేత్తో పిడికెడు తీసి నొక్కితే వేళ్లకు తడి అంటిన రోజే మార్చేయాలి, లేకపోతే బూజు పట్టి పిల్లల ఊపిరితిత్తులు చెడతాయి. మన ఎండల్లో తేనె ద్రవం కొద్ది గంటల్లోనే పులుస్తుంది కనుక పూటపూటకూ గిన్నె కడిగి తాజాగా పోయాలి.

లోరికీట్లు సైటీస్ (వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలోని పక్షులు. 2024 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వాటిని కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, పుట్టిన పిల్లల వివరాలూ తెలపాలి. పాదం చిన్నగా ఉన్న రోజుల్లోనే కాలికి మూతరింగు (అతుకు లేని, అంకె చెక్కిన ఉంగరం) తొడిగి, ఆ అంకె ఎదురుగా తల్లి, తండ్రి, పుట్టిన తేదీ పుస్తకంలో రాయండి. స్ప్లిట్ కొడుకును ఇంకొకరికి ఇచ్చేటప్పుడు ఆ పేజీ నకలు కూడా ఇవ్వాలి.