ఇల్లు అమ్మకానికి పెట్టేముందు చెక్ చేయించడం ఎలా?

ఇల్లు అమ్మాలనుకోగానే మనవాళ్లు ముందు పెయింటర్‌ని పిలుస్తారు. పని చెడేది అక్కడే. కొనేవాళ్లు ఇప్పుడు వెంట ఇంజినీరునో, తెలిసిన మేస్త్రీనో తెచ్చుకుంటున్నారు. కొత్త రంగు కింద చెమ్మ దొరికితే మిగతా ఇంటినీ నమ్మరు.

చూసి, రాసిచ్చి, ఫీజు తీసుకుని వెళ్లిపోయే సివిల్ ఇంజినీరును పెట్టుకోండి. రిపేరు కాంట్రాక్టూ తనకే కావాలనేవాడికి ప్రతి పగులూ ప్రమాదంగానే కనిపిస్తుంది. చెకింగ్ వానలు వెనకపట్టాకే చేయించాలి. ఎండాకాలం చెకింగ్‌ని నేను లెక్కలోకే తీసుకోను.

మీ అంతట మీరు చూసుకోవడానికి టార్చి, సుద్దముక్క, నాణెం, స్క్రూడ్రైవర్, పాలిథిన్ షీటు, టేపు చాలు. టైల్స్ మీద నాణెంతో తట్టి డొల్లగా మోగినచోట గుర్తు పెట్టండి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉంటే టెస్ట్ బటన్ నొక్కండి, కరెంటు పోవాలి. గుమ్మం చెక్కలో స్క్రూడ్రైవర్ దిగబడితే చెద పట్టిందేమో చూడండి. ఇదంతా గంట పని.

ఇక చెమ్మ. మరక ఉన్నచోటే లీకు ఉందనుకోకండి. నీళ్లు స్లాబులో పాకి, బీము పక్కనో, ఫ్యాను కొక్కెం దగ్గరో దిగుతాయి. ముందు మరక చుట్టూ సుద్దతో గీత గీసి, పక్కన తేదీ వేయండి. తర్వాత అడుగు చదరపు పాలిథిన్ షీటును గోడకు నాలుగు పక్కలా గాలి దూరకుండా టేపు వేసి, ఒక రోజు వదిలేయండి. షీటు లోపలివైపు నీటి బొట్లు పడితే చెమ్మ గోడలోంచే వస్తోంది. గదివైపు పడితే గాలిలోని తేమ, కిటికీలు తెరిస్తే సరి.

గోడలోంచే అయితే పైపా, బాత్‌రూమ్ ఫ్లోరా తేల్చాలి. ముందు పైపు చూడండి. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి నీళ్ల మీటరు గమనించండి. అయినా ముల్లు కదులుతుంటే పైపులో లీకు ఉండొచ్చు. కదలకపోతే మర్నాడు నహానీ ట్రాప్‌కు (బాత్‌రూమ్ నేలలో నీళ్లు పోయే కన్నానికి) గుడ్డ కుక్కి, బాత్‌రూమ్‌లో అంగుళం నీళ్లు నిలపండి. గుమ్మం దాటి గదిలోకి రాకూడదు. నీటి మట్టం దగ్గర గీత పెట్టి 24 గంటలు ఉంచండి. కింది ఫ్లాటువాళ్లకు ముందే చెప్పండి. వాళ్ల సీలింగ్ చూడకుండా ఈ పరీక్ష పూర్తి కాదు. రెండు పరీక్షలూ ఒకేరోజు పెట్టే ప్లంబర్లుంటారు. మరక పెరిగితే దేనివల్లో వాళ్లకే తెలియదు, అప్పుడు టైల్స్ మొత్తం పగలగొట్టమంటారు. రెండూ బాగుంటే డాబా, బయటి గోడ పగుళ్లు చూడాలి.

వాటర్‌ప్రూఫ్ పుట్టీ పూసి దాచేద్దామని చెప్పేవాళ్ల మాట వినకండి. ఉప్పు పేరుకుని మళ్లీ పెచ్చులూడుతుంది. పైగా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, మామూలుగా చూస్తే కొనేవాడికి తెలియని పెద్ద లోపం మీకు తెలిసుంటే చెప్పాల్సిందే. రిపేరుకు ముందు, తర్వాత ఫొటోలు తీసి, ప్లంబర్ బిల్లుతోపాటు ఫైల్లో పెట్టండి. గోడ ఆరిందో లేదో అదే పాలిథిన్ షీటుతో మళ్లీ చూసి, అప్పుడు పెయింటర్‌ని పిలవండి.